కొత్త సూటు వేసుకుంటే "కోటు అద్దెకు తెచ్చినావా" అన్నారు. తప్పెక్కడ?

రేణిగుంట_రైలు
మొన్న ఆదివారం మా పెదనాన్న కొడుకు రిసెప్షన్. తిరుచానూరు రోడ్డులో కల్యాణ మండపం. కొత్త నేవీ బ్లూ సూటు వేసుకుని వెళ్లాను. రెడీమేడే, 14 వేలు. బిల్లు ఇంకా పర్సులోనే ఉంది. స్టేజీ ఎక్కి అక్షింతలు వేసి దిగానో లేదో, మద్రాసు నుంచి వచ్చిన మామ పైనుంచి కిందిదాకా చూసి "ఏం నైనా, కోటు అద్దెకు తెచ్చినావా?" అన్నాడు. పక్కనున్న పిలకాయలందరూ ఒకటే నవ్వు. ఐస్‌క్రీమ్ కూడా తినకుండా వచ్చేశా.

ఇంకో 24 రోజుల్లో నా రిసెప్షనే ఉంది. ఇదే సూటు వేసుకుందామనుకున్నా. మూడు ఫోటోలు పెట్టాను, ముఖం కత్తిరించాను. మొహమాటం లేకుండా చెప్పండి, ఏం తప్పు?

లీలామహల్_సర్కిల్
మూడో ఫోటోలో బిర్యానీ ప్లేటు బాగుంది.

చిత్తూరు_మామిడి
కోటు పర్లేదు బ్రో. మామలు అలాగే అంటారు. నా పెళ్లిలో మా మామ "వీడికంటే హ్యాంగరుకే బాగుండె" అన్నాడు.

టేపు_మాస్టర్
ముందునుంచి తీసినవి చాలవు. వెనక్కి తిరిగి ఒకటి, పక్కనుంచి ఒకటి పెట్టు. చేతులు మామూలుగా కిందికి వదిలెయ్, బిగుసుకోవద్దు. తిరుపతిలో 26 ఏళ్లుగా కోట్లు కుడుతున్నా. మొదటి ఫోటోలోనే ఒకటి కనిపించింది గానీ, వెనక చూశాక చెబుతా.

రేణిగుంట_రైలు
పెట్టాను మాస్టర్. మా చెల్లెలు తీసింది. నవ్వుతూ తీసింది కాబట్టి కొంచెం కదిలింది.

టేపు_మాస్టర్
అనుకున్నదే. కోటు వెనక కింద రెండు చీలికలున్నాయి చూడు. వెంట్స్ అంటాం. వాటి మీద తెల్లదారంతో ఇంటూ గుర్తు మాదిరి కుట్టి ఉంది. అది డిజైను కాదు నైనా. ఫ్యాక్టరీ నుంచి షాపుకు వచ్చేలోపు చీలిక ముడుచుకుపోకుండా వేసే కచ్చా కుట్టు. ఇంటికి తెచ్చిన రోజే కత్తిరించెయ్యాలి. ఎడమ చేతి చివర కంపెనీ లేబుల్ కూడా అలాగే ఉంది. అదీ తీసెయ్యాలి. మీ మామ చూసింది ఈ రెండే అయ్యుంటాయి.

రేణిగుంట_రైలు
లేబుల్ తీసేస్తే ఏ కంపెనీదో ఎట్ల తెలుస్తుంది అనుకున్నా...

మదనపల్లె_టమాటా
టీవీ రిమోటుకు పదేళ్లైనా ప్లాస్టిక్ కవరు తియ్యం. ఫ్రిజ్ మీద స్టిక్కరు తియ్యం. కోటు మీద లేబుల్ మాత్రం ఎందుకు తీస్తాం సామీ.

ఎస్వీయూ_పాతకాపు
జేబులు కూడా చూసుకో. నాది 2012 సంగతి. క్యాంపస్ ఇంటర్వ్యూకని బ్లేజర్ కొన్నా. బయటి జేబులకు మూత ఉంది, చెయ్యి పెడితే మాత్రం లోపలికి పోదు. ఉత్తుత్తి జేబులనుకున్నా. రెండేళ్ల తర్వాత హైదరాబాదులో రూమ్మేట్ బ్లేడుతో దారం సర్రున లాగితే నిజం జేబు బయటపడింది. లోపలి జేబులో ఇంకో చిన్న కవరు, అందులో రెండు స్పేర్ గుండీలు. రెండేళ్లు నాతోనే తిరిగాయి పాపం.

టేపు_మాస్టర్
బ్లేడు పెట్టొద్దు, గుడ్డ తెగుద్ది. చిన్న కత్తెర మొనతో ఒక్కో పోగు తెంపాలి. నన్నడిగితే బయటి జేబులు కుట్టేసే ఉంచుకోండి. తెరిచారంటే ఫోను, పర్సు, బండి తాళాలు, కారు తాళాలు అన్నీ అందులోకే. రెండు పక్కలా గంపలు మోసినట్టుంటుంది.

అలిపిరి_మెట్లు
జేబు అంటే గుర్తొచ్చింది. మా బావమరిది రిసెప్షన్లో ఎవరో కొండ మీది లడ్డు చేతికిచ్చారు. ప్రసాదం కింద పెట్టకూడదని టిష్యూలో చుట్టి కోటు లోపలి జేబులో వేసుకున్నాడు. మూడు గంటలు లైట్ల వేడి. నెయ్యి లైనింగు దాటి బయటికొచ్చి గుండె మీద అరచేతంత మరక. డ్రైక్లీనింగ్ ఆయన చూసి "ఇది పోదు సార్, ఇది భక్తి" అన్నాడు.

లీలామహల్_సర్కిల్
ఆ కోటు ఉతకొద్దు, కళ్లకద్దుకోండి.

ఫోటో_బాబాయ్
రైలు తమ్ముడూ, నీ రెండో ఫోటోలో రెండు గుండీలూ పెట్టుకున్నావు. కోటు బొడ్డు దగ్గర ఇంటూ మార్కులా లాగుతోంది. పైది ఒక్కటే పెట్టుకోవాలి, కిందిది ఎప్పుడూ వదిలెయ్యాలి.

రేణిగుంట_రైలు
ఆ రెండూ పెట్టుకోమన్నది ఫోటోగ్రాఫరే బాబాయ్!

ఫోటో_బాబాయ్
మావాళ్లలో అలా చెప్పేవాళ్లున్నారు, ఒప్పుకుంటా. టై చివర, చొక్కా మడత, పొట్ట ఇవన్నీ ఫ్రేములోకి వస్తాయని మూసెయ్యమంటారు. నేనూ మొదట్లో అదే చెప్పేవాణ్ణి. ఆల్బమ్ చూసి ఒక కస్టమర్ చీవాట్లు పెట్టాక మానేశా.

చిత్తూరు_మామిడి
గుండీ ఉన్నది పెట్టుకోవడానికే కదా. పెట్టుకోకూడదంటే ఎందుకు కుట్టినట్టు? కాజా కూడా కోసి మరీ?

ఎస్వీయూ_పాతకాపు
ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డ్‌తో మొదలైందంటారు. 1901 నుంచి 1910 దాకా రాజు. మనిషి లావు. కింది గుండీ పట్టక వదిలేస్తే చుట్టూ ఉన్నవాళ్లు మర్యాద కోసం వాళ్లూ వదిలేశారట. కథే అనుకో, అందరూ చెప్పుకునేది మాత్రం ఇదే.

చిత్తూరు_మామిడి
ఆయన పొట్టకు మనమెందుకు గుండీ విప్పాలి సామీ? మన పొట్ట మనకుంది.

టేపు_మాస్టర్
రాజు సంగతి నాకు తెలీదు. కటింగు సంగతి చెబుతా. ఇప్పుడొచ్చే రెండు గుండీల కోట్లలో పై గుండీ కిందినుంచి ముందు అంచు పక్కకు వంగుతూ పోయేలా కోస్తాం. అంటే కింది గుండీ, దాని కాజా ఎదురెదురుగా కలవవు. బలవంతంగా కలిపితే తొడల దగ్గర బిగుసుకుని వెనక చీలికలు నోరు తెరుస్తాయి. మూడు గుండీలదైతే నడిమిది తప్పకుండా, పైది ఇష్టమైతే, కిందిది అసలొద్దు. నిలువుగా రెండు వరసల గుండీలుండే డబుల్ బ్రెస్టెడ్ మాత్రం నిలబడ్డంతసేపూ మూసే ఉండాలి, తెరిస్తే దుప్పటి కప్పుకున్నట్టు వేలాడుతుంది. కూర్చునేటప్పుడు మామూలు కోటుకు పెట్టుకున్న గుండీ కూడా విప్పుకోవాలి.

ఇంకో మాట. దారం, లేబుల్, గుండీ, ఇవన్నీ అయిదు నిమిషాల పని. నీ కోటుకు అసలు జబ్బు భుజం. ఇంట్లో గోడ పక్కన నిలబడు. కోటు వేసుకుని మెల్లగా పక్కకు ఒరుగు. ముందు నీ దండ, అంటే మోచేతి పైభాగం, గోడకు తగిలితే భుజం సరిపోయినట్టు. దండ తగలకముందే కోటు భుజంలోని ప్యాడ్ తగిలి నలిగితే పెద్దదైనట్టు. చేసి చెప్పు.

రేణిగుంట_రైలు
ప్యాడే ముందు తగిలింది మాస్టర్. రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంది. మా అమ్మ చూసి, కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాననుకుని ఉప్పేసిన మజ్జిగ తెచ్చింది.

మదనపల్లె_టమాటా
😂 ఆఫీసులో గోడకు ఒరిగి చూశా. నాదీ పెద్దదే. మేనేజరు "ఏమైంది, ఇంటికి పోతావా" అన్నాడు. పోతానన్నా.

టేపు_మాస్టర్
భుజం పెద్దదైతే నేను కూడా బాగు చెయ్యలేను రైలూ. నడుము పట్టొచ్చు, చెయ్యి పొడవు తగ్గించొచ్చు, ప్యాంటు మడవొచ్చు. భుజం ముట్టుకోవాలంటే చేతులు విప్పాలి, కాలర్ విప్పాలి, ప్యాడ్ తియ్యాలి. కొత్త కోటు కుట్టినంత పని, అయినా పాత కాజాల చోటు మారదు కదా, ఎక్కడో ఒకచోట వంకరే. అందుకే రెడీమేడ్ కొనేటప్పుడు భుజం చూసి కొనాలి. మనోళ్లు పొట్ట చూసి కొంటారు. పొట్టకు 42 పట్టింది, ఇయ్యండి అంటారు. భుజాలు మాత్రం 38వి.

కాటన్_చీర
ఇంతసేపూ చదివి నవ్వుకున్నా. మేము ఒక జాకెట్టు కుట్టించుకోవడానికి మూడుసార్లు టైలర్ దగ్గరికి పోతాం. చంక దగ్గర పావు ఇంచి తేడా వస్తే వెనక్కి పంపిస్తాం. ఫోటోల్లో జాకెట్టు ముడత పడితే పదేళ్లు గుర్తుపెట్టుకుంటాం. మీరు 14 వేలు పెట్టి కోటు కొని, ట్రయల్ రూములో ఎన్ని నిమిషాలున్నారు? నిజం చెప్పండి.

రేణిగుంట_రైలు
నాలుగు. బండి నో పార్కింగులో ఉంది అక్కా.

కాటన్_చీర
అదీ సంగతి. ఇంకా చెబుతా విను. మొదటి ఫోటోలో చొక్కా చెయ్యి అసలు కనిపించడం లేదు. కోటు చెయ్యి బొటనవేలి మొదలు దాకా వచ్చింది. ప్యాంటు కింద బూటు మీద పడి హార్మోనియం తిత్తిలా మూడు మడతలుంది. బూట్లు బ్రౌన్, బెల్టు బ్లాక్. టై బొడ్డు పైనే ఆగిపోయింది. టై, జేబు రుమాలు రెండూ ఒకే గుడ్డ, ఒకే డబ్బాలో వచ్చినవని దూరం నుంచే తెలుస్తోంది.

రేణిగుంట_రైలు
అక్కా, ఊపిరి తీసుకోనివ్వండి.

టేపు_మాస్టర్
కాటన్ చీరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. చొక్కా చేతి అంచు కోటు కింది నుంచి అర ఇంచి కనపడాలి. టై మొన బెల్టు బకుల్ దగ్గర ఆగాలి. ప్యాంటు బూటు మీద ఒక్క మడత పడితే చాలు, పడకపోయినా పర్లేదు. బెల్టు, బూట్లు ఒక రంగు తోలు. రుమాలు టై రంగుకు దగ్గరగా ఉండొచ్చు, అదే గుడ్డ కాకూడదు. తెల్ల రుమాలైతే ఏ బాధా లేదు.

అలిపిరి_మెట్లు
నాదొక గోల. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. ఈ ఎండలో ఈ గోలంతా అవసరమా? ముహూర్తానికి ఎలాగూ పంచె కడతాం. కొండ మీద కల్యాణోత్సవానికి పంచె కట్టే కదా పోతాం. ఆ పంచెతోనే రిసెప్షన్లో కూడా నిలబడితే ఎవరు కాదంటారు? ఎవరో తెల్లవాళ్లు పెట్టిన రూల్సుకు మనం చెమటలు కక్కడం.

ఎస్వీయూ_పాతకాపు
పంచెకు రూల్స్ లేవా అన్నా? అంచు ఎటు రావాలి, కుచ్చిళ్లు ఎక్కడ దోపాలి, ఎంత పొడవు జారాలి, అన్నీ ఉన్నాయి. ఎవరైనా పట్టుపంచెను లుంగీలా చుట్టుకుని పెళ్లికొస్తే మనం నవ్వమా? వేసుకోకపోతే ఏ గొడవా లేదు, వేసుకుంటే మాత్రం దాని లెక్క దానికుంది.

అలిపిరి_మెట్లు
నవ్వుతాం. సరే. చెమట సంగతి మాత్రం తేల్చండి.

నగరి_మగ్గం
అది కోటు తప్పు కాదు, గుడ్డ తప్పు. మాది నేత ఊరు కాబట్టి చెబుతున్నా. మామూలు గాలిలో ఏ నూలు ఎంత తేమ పట్టుకుంటుందో లెక్కలున్నాయి. వంద గ్రాముల ఉన్ని 16 గ్రాముల దాకా, పత్తి ఎనిమిదిన్నర, పాలిస్టర్ అర గ్రాము కూడా లేదు. మనోళ్లు ఉన్ని అంటే స్వెటర్ అనుకుని భయపడి, పాలిస్టర్ కోటు, దానికి మళ్లీ నిండా పాలిస్టర్ లైనింగు వేసుకుని ప్లాస్టిక్ కవర్లో నిలబడతారు. పలచటి నేత ఉన్ని, సగం లైనింగు తీసుకుంటే అదే మే నెలలో తేడా తెలుస్తుంది. చవగ్గా రాదు, ముందే చెబుతున్నా. లినెన్ చల్లగా ఉంటుంది గానీ, రిసెప్షన్లో కుర్చీలో ఒక్కసారి కూర్చుని లేస్తే అప్పడం పిండి నలిపినట్టవుతుంది.

చిత్తూరు_మామిడి
నా గుడ్డ మీద సూపర్ 140 అని రాసుంది. అంటే బెస్టే కదా?

నగరి_మగ్గం
ఆ అంకె ఉన్నికి. పోగు ఎంత సన్నదో చెబుతుంది. సూపర్ 100 అంటే 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకూడదు, 120 అంటే 17.75. సన్నబడే కొద్దీ మెత్తగా ఉంటుంది, త్వరగా నలుగుతుంది, త్వరగా అరుగుతుంది. రోజూ వేసుకునేవాడికి 100, 110 చాలు. మీటరు 300కు దొరికే గుడ్డ అంచున సూపర్ 140 అని ఉంటే, అది అచ్చు వేసినవాడి ఉత్సాహం.

చిత్తూరు_మామిడి
మీటరు 280.

మదనపల్లె_టమాటా
ఉత్సాహం కంటే ఇంకో 20 తక్కువ.

పలమనేరు_పాలు
నేను చేసిన పాపం చెబుతా, ఇంకెవరూ చెయ్యకండి. రిసెప్షన్ రోజు పొద్దున కోటు మడతలు పోవాలని వీధి చివర ఇస్త్రీ బండికి ఇచ్చా. బొగ్గుల పెట్టె. ఆయన పాపం చొక్కాకు చేసినట్టే నీళ్లు చల్లి బలంగా నాలుగు పట్లు పట్టాడు. తిరిగి వచ్చేసరికి ఎదురు భాగమంతా అప్పడంలా బొబ్బలు. కాలర్ మడత బల్లపరుపు. మోచేతుల దగ్గర నూనె రాసినట్టు మెరుపు. ఆయన్ని ఏమనగలం, ఇచ్చింది నేను.

టేపు_మాస్టర్
బొబ్బలు ఎందుకొస్తాయంటే, కోటు ముందు భాగం లోపల గట్టిదనం కోసం ఇంకో పొర ఉంటుంది. తక్కువ ధర కోట్లలో దాన్ని జిగురుతో అతికిస్తారు, ఫ్యూజింగ్ అంటాం. ఎక్కువ వేడి, తడి తగిలితే జిగురు అక్కడక్కడా వదిలేస్తుంది. ఖరీదైన వాటిలో క్యాన్వాస్ కుట్టి పెడతారు, వాటికి ఈ బాధ లేదు. బొబ్బ వచ్చాక మందు లేదు. మడతలు పోవాలంటే స్నానానికి వేడినీళ్లు పట్టుకున్నప్పుడు బాత్రూంలో తలుపు వెనక తగిలించండి, ఆవిరికి చాలావరకు దిగిపోతాయి. వెడల్పు భుజం ఉన్న హ్యాంగరు వాడండి, మేకుకు తగిలించొద్దు.

ఫోటో_బాబాయ్
మన పెళ్లిళ్లలో ఇంకో రెండు సమస్యలున్నాయి, ఇవి విదేశీ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

ఒకటి, బూట్లు. పెద్దవాళ్లు వచ్చి "కాస్త పూజ దగ్గరికి రా నాయనా" అంటారు. బూట్లు విప్పాలి. అప్పుడు బయటపడతాయి తెల్ల స్పోర్ట్స్ సాక్సులు, బొటనవేలి దగ్గర చిల్లుతో సహా. నా దగ్గర అలాంటి ఫోటోలు ఎన్నున్నాయో లెక్కలేదు. ప్యాంటు రంగువి, పిక్క దాకా వచ్చేవి కొత్తవి వేసుకోండి.

రెండు, కాళ్లకు దండం. పెళ్లికొడుకు స్టేజీ మీద గంటకు ఇరవైసార్లు వంగుతాడు. గుండీ పెట్టుకుని వంగితే వెనక కుట్టు పటక్ మంటుంది. పోయిన ఏడు ఒకాయనకు సరిగ్గా తాతగారి పాదాలు పట్టుకున్నప్పుడే చిరిగింది. వీడియోలో శబ్దం కూడా వచ్చింది. దాని మీద మంగళవాయిద్యం వేసి కప్పేశాం.

లీలామహల్_సర్కిల్
ఆశీర్వాదం కుట్టు దాటి వెళ్లింది.

కాటన్_చీర
బాబాయ్ చెప్పింది ఎవరైనా రాసిపెట్టుకోండి. దండం పెట్టే ముందు గుండీ విప్పు, లేచాక పెట్టుకో. మా ఆయనకు నేను పక్కనుంచి చిటికె వేసి గుర్తు చేశా.

రేణిగుంట_రైలు
సరే, నిర్ణయం చెబుతున్నా. ఈ కోటు మా తమ్ముడికి గోడ పరీక్ష పెట్టా. వాడు జిమ్ములో పడి భుజాలు పెంచాడు, దండే ముందు తగిలింది. ఇచ్చేశా. నేను కుట్టించుకుంటా. గుడ్డ ఎంత తీసుకోవాలి మాస్టర్? ఎన్ని రోజులు పడుతుంది?

టేపు_మాస్టర్
మామూలు పనాలో (గుడ్డ వెడల్పు) మూడుంపావు మీటర్లు, గళ్లదైతే ఇంకో పావు. రెండు ట్రయల్స్ లేకుండా కుడతానన్నవాడికి ఇవ్వకు. మొదటి ట్రయల్ చేతులు కచ్చాగా అతికించినప్పుడే చెయ్యాలి, అప్పుడైతే భుజం మార్చొచ్చు. రిసెప్షన్ రోజు వేసుకునే చొక్కా, అవే బూట్లు వేసుకుని పో. 18 రోజులుంటే చాలు. నా షాపు ఎక్కడో ఇక్కడ చెప్పను, వ్యాపారం చేస్తున్నానంటారు. గాంధీ రోడ్డు చుట్టుపక్కల నాకంటే బాగా కుట్టేవాళ్లున్నారు, నలుగుర్ని అడుగు.

అలిపిరి_మెట్లు
మెరిసే గుడ్డ తీసుకోకు తమ్ముడూ. స్టేజీ లైట్లకు స్టీలు బిందెలా కనిపిస్తావు.

రేణిగుంట_రైలు
పెళ్లికూతురు తరఫున మెరూన్ వెల్వెట్ అంటున్నారు, చీరకు మ్యాచింగని.

కాటన్_చీర
మే నెలలో వెల్వెట్టా? చీర రంగు టైలో చూపించు, చాలు. పెళ్లికూతురితో నేను మాట్లాడతా కావాలంటే.

రేణిగుంట_రైలు
రిసెప్షన్ అయిపోయింది. బూడిద రంగు, పలచటి ఉన్ని, సగం లైనింగు, టై మెరూన్. రెండు ట్రయల్స్‌కీ పోయా. మొదటిదాంట్లో కుడి భుజం ఎడమదానికంటే కిందికుందని కనిపెట్టారు. పదేళ్లుగా బ్యాగు అటే తగిలించుకుంటున్నా, అందుకే కాబోలు. ఆ పక్క ప్యాడ్ కొంచెం మందంగా వేశారు. చెమట పట్టింది గానీ, పోయినసారిలా కారలేదు.

దండాలు పంతొమ్మిది దాకా గుండీ విప్పి మరీ పెట్టా. ఇరవయ్యోది నాయనమ్మ. కళ్లలో నీళ్లు పెట్టుకుని దగ్గరికి పిలిస్తే మర్చిపోయి వంగేశా. కుట్టు ఆగింది, గుండీ ఆగలేదు. ఎగిరి ఆవిడ ఒళ్లో పడింది. చేతిలో ఉన్న అక్షింతలతో పాటు దాన్ని కూడా నా నెత్తిన వేసేసింది.

ఫోటో_బాబాయ్
వీడియో ఉందా?

రేణిగుంట_రైలు
స్లో మోషన్లో ఉంది.

చిత్తూరు_మామిడి
మామ ఏమన్నాడు?

రేణిగుంట_రైలు
భుజం మీద చెయ్యి వేసి, ఒకసారి నొక్కి చూసి, "కుట్టించినావా" అన్నాడు. అంతే. ఆయన మాత్రం పంచెలో వచ్చాడు.

కాణిపాకం_కుర్రోడు
టైటిల్ చూసి వచ్చా, పైనంతా చదవలేదు. కోటుకు కింది గుండీ పెట్టుకోవాలా వద్దా?

టేపు_మాస్టర్
నేను షాపు కట్టేస్తున్నా, ఎవరైనా చెప్పండి.